ముత్తాతను వెతకబోయే మనవడికి

తెనాలి

చిరంజీవి బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో రాసి పంపినదాన్ని కూడా నేను ఉత్తరమనే అంటాను. రెండుసార్లు చదివాను. మీ ఆఫీసులో అమ్మాయి నెబ్రాస్కాలో బీడు దున్నిన తన ముత్తాతను 1900 సెన్సస్‌లో ఇరవై నిమిషాల్లో పట్టుకుందట. ఇంటిపెద్ద పేరు దగ్గర్నుంచి చంటిపిల్ల వయసు దాకా అందులో రాసి ఉందట. మరి నిజాంసాగర్ కాలువ కిందికి వెళ్లి తుమ్మలు కొట్టి మడి చేసిన మీ నాన్నవైపు ముత్తాత మన సెన్సస్‌లో ఎక్కడ దొరుకుతాడని అడిగావు.

దొరకడురా. తిరిగి తిరిగి విసుగెత్తాక తెలియడం కంటే ఇప్పుడే తెలుసుకో. వాళ్ల అమెరికాలో 72 ఏళ్లు గడిస్తే ఇంటింటి కాగితాలు జనానికి చూపిస్తారు. 1950 నాటివి 2022లో బయటపెట్టారు. మన దగ్గర 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ కాగితాలు ఎవరికీ చూపించరు, సివిలు దావాలో సాక్ష్యంగానూ పనికిరావు. ప్లీడరు గుమాస్తాగా ముప్పయ్యేళ్లు చేశాను, ఒక్క సెన్సస్ కాగితం ఎగ్జిబిటుగా పడగా చూడలేదు. 1951లో మాత్రం జనాభా లెక్కలతో పాటు ఊరూరా ఇళ్లవారీగా పేర్లతో పౌరుల రిజిస్టరు ఒకటి రాయించారు. అది ఎక్కడైనా ఎలుకలు మిగిల్చి ఉంటే నీ అదృష్టం.

అలాగని సెన్సస్‌ను పక్కన పడేయకు. 1951, 1961 జిల్లా జనగణన పుస్తకాల్లో ఊరివారీగా ఇళ్లెన్ని, మనుషులెందరు, చదువొచ్చినవాళ్లెందరు అన్న అంకెలుంటాయి. నిజామాబాదు జిల్లా పుస్తకం చూడు. అయితే మీ క్యాంపు పేరు కోసం వెతక్కు. కాలువ కిందికి వలస వెళ్లినవాళ్లు కట్టుకున్న ఊళ్లనే క్యాంపులంటారు కదా. అవన్నీ ఏదో ఒక రెవెన్యూ గ్రామానికి శివార్లే, కాబట్టి ఆ గ్రామం పేరు పట్టుకో. ఇంకో చిక్కుంది. నిజాంసాగర్, బాన్సువాడ 2016 నుంచి కామారెడ్డి జిల్లాలో ఉన్నాయి. బోధన్, వర్ని నిజామాబాదులోనే ఉన్నాయి. మన వైపూ అంతే, ఇప్పటి గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. దానికి కాస్త ముందరి తెనాలి కాగితమంటే కృష్ణా జిల్లా, బందరు వైపు చూడాలి. కాగితం రాసిన నాటికి ఆ ఊరు ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉందో ముందు ఒక చీటీ మీద రాసుకో.

ఇక అసలు సంగతి. మన రైతులు తమంతట తాము ఏమీ రాసి పెట్టలేదు. శిస్తు కట్టినప్పుడు, అప్పు చేసినప్పుడు, అన్నదమ్ములు కొట్టుకున్నప్పుడు వాళ్ల పేర్లు ఎవరో రాశారు. అందుకని నీ ముత్తాత ఎంత మంచివాడో తర్వాత చూసుకుందాం, ముందు ఆయన ఎవరితో తగాదా పడ్డాడో కనుక్కో. మీ నాయనమ్మను అడుగు. అడగడంలో కూడా ఒక పద్ధతుంది. "ఎప్పుడొచ్చారు" అంటే "ఎప్పుడో" అంటుంది. "కొత్త కోడలిగా నువ్వు క్యాంపుకి వచ్చేనాటికి ఏ ఇంటివాళ్లతో మాటల్లేవు? తెనాలి వైపు ఎవరింటి పెళ్లికి వెళ్లకూడదని మీ అత్తగారు చెప్పింది?" అని అడుగు, చెప్పుకొస్తుంది. కాశీలోనో గయలోనో పిండాలు పెట్టినప్పుడు మూడు తరాల పేర్లు చెప్పించి ఉంటారు, అవి ఎవరైనా రాసుకున్నారేమో చూడు. ట్రంకు పెట్టె అడుగున శిస్తు రసీదులు, పాత శుభలేఖలు ఏవున్నా ఫొటోలు తీసి నాకు పంపు. వెనకవైపు కూడా తియ్యి. దావా నంబర్లు కాగితం వెనకే రాసేవాళ్లం.

దావాల సంగతి అర్థం కావాలంటే మా ఇంటి కథ చెప్పాలి. మా చినతాత కూడా ఆ కాలువ కిందికి వెళ్లినవాడే. నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931కి పూర్తయింది. మంజీరా మీద ఆనకట్ట, 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క. ఇక్కడ డెల్టాలో ఒక ఎకరం అమ్మితే అక్కడ నాలుగైదు వస్తాయని మా చినతాత రొంటిన బంగారం కట్టుకుని బయల్దేరాడని మా ఇంట్లో కథ. చిన్నప్పట్నుంచీ అదే విన్నాం.

నేను గుమాస్తాగా చేరిన కొత్తలో, పాత కట్టలు ఇంకా ఉన్న రోజుల్లో, సబ్ కోర్టు రికార్డు రూములో 1934 నాటి ఐ.పి. రిజిస్టరు తిరగేస్తుంటే ఆయన పేరు కనపడింది. ఐ.పి. అంటే మీరు సినిమాల్లో వినే 'ఐపీ పెట్టాడు' అన్న మాటే, దివాలా పిటిషను. దాంతోపాటు అప్పులవాళ్ల జాబితా, ఆస్తుల జాబితా పెట్టాలి. ఎద్దులు రెండు, బండి ఒకటి, ఇత్తడి గంగాళం ఒకటి, మెట్ట ఎకరంన్నర. అంతే ఆస్తి. అప్పులవాళ్లలో మూడో పేరు ఆయన సొంత బావమరిది. ఆ రెండు కుటుంబాలకీ నలభై ఏళ్లు రాకపోకలు ఎందుకు లేవో నాకప్పుడు తెలిసింది. ధాన్యం ధర పడిపోయిన రోజులవి, ప్రోనోటు దావాలు కట్టలు కట్టలుగా పడ్డాయి. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతుల రుణ విమోచన చట్టం తెచ్చి, 1932 అక్టోబరు 1కి ముందటి అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ కొట్టేసింది. ఆ చట్టం కింద అప్పు తగ్గించమని వేసిన పిటిషన్లలో కూడా రైతుల వివరాలు బోలెడుంటాయి. మా చినతాత అన్నాళ్లు ఆగలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఆయన ఒట్టిచేతులతో వెళ్లాడని అనుకునేవాణ్ణి. కానీ ఒట్టిచేతులవాడు అక్కడ పన్నెండెకరాలు ఎలా కొన్నాడు? రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి ఒకటో పుస్తకం ఇండెక్సులు చూశాను. భూముల దస్తావేజులన్నీ ఆ పుస్తకంలోనే నకలు చేస్తారు, రుసుం కడితే ఎవరైనా చూడొచ్చు. 1931లో మూడెకరాల మాగాణి భార్య పేర రాశాడు, పసుపు కుంకుమల కింద. దివాలా చట్టంలో, పిటిషనుకు ముందు రెండేళ్ల లోపు ఇలా ఉత్తపుణ్యానికి రాసిచ్చినవాటిని రద్దు చేయించవచ్చు. ఈయన మూడేళ్ల ముందే రాశాడు. ఎవరో ప్లీడరు చెప్పి ఉంటాడు, మనవాళ్లకు ఆ తెలివి ఊరికే రాదు. 1935లో ఆవిడ ఆ మూడెకరాలు అమ్మేసింది. దస్తావేజు మొదట్లోనే "తెనాలి తాలూకా కాపురస్తురాలు, ప్రస్తుతం నిజాం ఇలాకా బోధన్ తాలూకాలో ఉంటున్న" అని రాసి ఉంది. ఆయన ఎప్పుడు వెళ్లాడో చెప్పిన మొదటి కాగితం అదే.

అక్కడికెళ్లి ఖాస్రా పహాణీ చూడబోతే ఆయన పేరే లేదు. 1954-55లో తెలంగాణ అంతా సర్వే నంబరు వారీగా రాసిన రిజిస్టరు అది, ఆ ప్రాంతపు భూమి తగాదాల్లో ఇప్పటికీ దానికే విలువెక్కువ. పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు రెండూ రాస్తారు. రెండుసార్లు వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చాను. మూడోసారి ఉర్దూ తెలిసిన ముసలాయన ఒకాయన పక్కన కూచుని చదువుతుంటే మా చినమామ్మ పేరు వినపడింది, 'జౌజె' ఫలానా అని. అంటే భార్య. పట్టా ఆవిడదే! అడవి కొట్టి సేద్యం చేసిన మహానుభావుడని మేము చెప్పుకునేవాడు కాగితం ప్రకారం భార్య భూమిలో సాగుదారు. నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు కానీ ఆవిడ మీద పెరిగింది. పిల్లలతో, అప్పులవాళ్ల కళ్ల ముందు నుంచి వెళ్లి, చలిజ్వరాల ఊళ్లో తన మూడెకరాలు పెట్టి బతుకు నిలబెట్టింది.

కాబట్టి నీ ముత్తాత పేరుతోపాటు నీ ముత్తవ్వ పేరు, ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, ఆవిడ తండ్రి పేరు ముందే సంపాదించు. కోర్టు కాగితాల్లో ఆడవాళ్లు రెండు మూడు చోట్ల కనపడతారు. పంపకాల దావాలో మైనరు పిల్లలకు గార్డియనుగా తల్లి పేరుంటుంది. మనోవర్తి దావా అయితే ఆవిడ కథంతా ఉంటుంది.

పంపకాల దావా దొరికిందా, పండగ చేసుకో. ప్లెయింటులోనే, అంటే దావా వేసినవాడు ఇచ్చే అర్జీలోనే, వంశవృక్షం గీసి పెడతారు. సాక్షి వాంగ్మూలం మొదట్లో వయసు, తండ్రి పేరు, వృత్తి, ఊరు ఉంటాయి. వయసు మాత్రం నమ్మకు. 'సుమారు 45' అన్నవాడు తర్వాతి దావాలో పదేళ్ల తర్వాత కూడా 'సుమారు 48' అంటాడు. ప్లెయింటులో రాసిందంతా కూడా నమ్మకు, రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. "ఉమ్మడి కుటుంబం ఎన్నడూ విడిపోలేదు" అని ఒకడు రాస్తే, "పాతికేళ్ల కిందటే నోటిమాటగా పంచుకున్నాం" అని రెండోవాడు జవాబు రాస్తాడు. ఇద్దరూ ఒప్పుకున్నది ఏదో అది తీసుకో. దత్తత, ఇల్లరికం మాట వస్తే జాగ్రత్త, అక్కడ ఇంటిపేరు మారిపోతుంది.

కోర్టులో పని నడవాలంటే దావా నంబరు, సంవత్సరం కావాలి. ఉత్త పేరు చెబితే రికార్డు కీపరు నీకేసి చూడను కూడా చూడడు. నంబరు లేకపోతే ఆ ఏళ్ల సూటు రిజిస్టర్లు చూడనిమ్మని అర్జీ పెట్టుకోవాలి. ఇంకో దారి, రిజిస్ట్రారు ఇండెక్సు. కోర్టు వేలంలో భూమి పోతే ఆ సర్టిఫికెట్టు నకలు ఒకటో పుస్తకంలోకి వస్తుంది, దాని మీద నంబరుంటుంది. ఏ భూమి ఎవరి చేతులు మారిందో చూపే ఈసీలు 1983 తర్వాతవి కంప్యూటరులో వస్తాయి, వెనకటివి చేత్తో వెతకాల్సిందే. ఇండెక్సులో ఒక గుమాస్తా ఇంటిపేరు అక్షరం కింద రాస్తే ఇంకో గుమాస్తా సొంతపేరు కింద రాస్తాడు. రెండూ చూడు. నిజాం వైపు కాగితాల్లో అసలు ఇంటిపేరే ఉండకపోవచ్చు, 'రామయ్య వల్ద్ వెంకయ్య', అంటే వెంకయ్య కొడుకు రామయ్య, అని తండ్రి పేరు మాత్రం ఉంటుంది. ఆ క్యాంపులో రామయ్యలు నలుగురు తేలితే హద్దులు చూడు. తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి భూమి అని ఉంటుంది కదా, ఇరుగు పొరుగు పేర్లతో మనవాడు బయటపడతాడు.

తీర్పు, డిక్రీ సాధారణంగా మిగులుతాయి. మిగతా కాగితాలు గడువు తీరాక తగలబెడతారు. కింది కోర్టులో పోయినా, అప్పీలు పైకి వెళ్లి ఉంటే తీర్పులో కథంతా తిరగరాసి ఉంటుంది. 1954 దాకా మన అప్పీళ్లు మద్రాసుకి, ఆ తర్వాత రెండేళ్లు గుంటూరులో ఉన్న హైకోర్టుకి, 1956 నుంచి 2018 దాకా హైదరాబాదుకి వెళ్లాయి. అచ్చయిన తీర్పులు నువ్వు అక్కడ కూచునే కంప్యూటరులో వెతకొచ్చు. ఇంటిపేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ కొట్టు.

ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల ఏడాది, కనపడితే 590 కలుపు. 1364 ఫసలీ అంటే 1954లో మొదలైన ఏడాది. అయితే మన వైపు ఫసలీ జూలైలో మొదలైతే, నిజాం ఫసలీ అక్టోబరులో అజుర్ నెలతో మొదలయ్యేది. పెళ్లి ముందా, కొనుగోలు ముందా అని లెక్క తేలనప్పుడు ఈ మూడు నెలల తేడా చూసుకో.

మీ వాళ్ల విషయంలో నాకు ఎక్కువ ఆశ ఉన్నది భూపరిమితి డిక్లరేషను మీద. 1973 చట్టం కింద, 1975 జనవరి 1 నాటికి ఎంత భూమి ఉందో చూపిస్తూ పెద్ద రైతులంతా ల్యాండు రిఫార్ముల ట్రిబ్యునలుకు డిక్లరేషన్లు వేశారు. కుటుంబంలో ఎవరెవరు, వయసెంత, సర్వే నంబర్లేవి అన్నీ అందులో ఉంటాయి. నువ్వు సెన్సస్‌లో వెతికే ఇంటి జాబితాకు మన దగ్గర కాస్త దగ్గరగా వచ్చేది అదే. భూమి మిగులు చూపించకూడదని ఎన్నెన్ని పాత పంపకాలు పుట్టించారో నాకు తెలుసు, నా దస్తూరీలోనే కొన్ని ఉన్నాయి. మీ తాతగారు, ఆయన అన్నదమ్ములు తప్పకుండా వేసి ఉంటారు. అక్కడ కొనుగోళ్లు చాలావరకు రిజిస్ట్రేషను లేకుండా తెల్లకాగితం మీద జరిగాయి. హైదరాబాదు కౌలుదారీ చట్టం 47వ సెక్షను ప్రకారం భూమి అమ్మకానికి తహసీల్దారు అనుమతి కావాల్సి ఉండేది. అది లేకుండా కొన్నవాళ్లు తర్వాత ఆ కొనుగోలు చెల్లుతుందని చెప్పే 50-బి సర్టిఫికెట్టు తెచ్చుకున్నారు. మీ నాన్న బీరువాలో ఆ మాట ఉన్న కాగితం ఏదైనా కనపడితే, నీ ముత్తాతకు ఆ భూమి అమ్మిందెవరో దాంట్లో తేలుతుంది.

వెతుకుతుంటే ఇంట్లో చెప్పుకునే కథకు విరుద్ధమైనది ఏదైనా బయటపడొచ్చు. దాన్ని వెంటనే కుటుంబం వాట్సాప్ గుంపులో పెట్టకు. మీ నాయనమ్మకు ఒక్కదానికీ పక్కన కూచుని చెప్పు. ఆవిడకు అది ముందే తెలిసి ఉంటుంది.

సంక్రాంతి సెలవులకు వస్తానన్నావు. అప్పుడు కోర్టులు మూసి ఉంటాయి, వేసవిలోనూ అంతే. ఫిబ్రవరిలో రా. నకలు అర్జీ నేను రాసి ఉంచుతాను, మూడోవాళ్లం కాబట్టి ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్టు కూడా పెట్టాలి, దాని మీద నీ సంతకం కావాలి. ఈలోగా నీ ముత్తవ్వ పుట్టింటి ఇంటిపేరు కనుక్కుని పంపు.

మీ తాతయ్య