ఒకే ఎపిసోడ్‌ను మళ్లీ మళ్లీ చూస్తున్నాడు

ప్రశ్న: మాది కావలి. మా ఆయన మోటార్ల రివైండింగ్ షాపు నడిపేవారు. ఎనిమిది నెలల కిందట ఒక రాత్రి రొయ్యల చెరువు దగ్గర మోటారు బాగుచేసి బండి మీద వస్తుంటే హైవే మీద ఏదో లారీ గుద్ది వెళ్లిపోయింది. అదేదో ఇప్పటికీ తెలియలేదు. ఆటో నడిపే అబ్బాయి ఒకతను ఆగి, 108 వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడని తర్వాత పోలీసులు చెప్పారు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు. మా అబ్బాయికి 24 ఏళ్లు, చెన్నైలో ఉద్యోగం. ఆ రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేస్తే పనిలో ఉండి ఎత్తలేదట. ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. రోజూ రాత్రి డాక్టర్ హూ అనే ఇంగ్లిష్ సీరియల్లో ఒకే ఎపిసోడ్ పెట్టుకుంటాడు. ఒక అమ్మాయి కాలంలో వెనక్కి వెళ్లి, కారు గుద్దబోతుంటే తండ్రిని పక్కకి లాగేస్తుందట, మా పాప చెప్పింది. వాడు బాధపడతాడని ఆ రాత్రి సంగతి నేనెప్పుడూ వాడి దగ్గర ఎత్తలేదు. మా అన్న ల్యాప్‌టాప్ దాచెయ్యమంటాడు, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయంటాడు. నాకేమీ తోచడం లేదు.

జవాబు: ల్యాప్‌టాప్ దాచొద్దమ్మా. మీ అబ్బాయి ఏం చూస్తున్నాడో తెలిస్తే మీరే ఆ పని చెయ్యరు.

డాక్టర్ హూ బ్రిటన్‌లో బీబీసీవాళ్ల సీరియల్. 1963లో మొదలైంది, 1989లో ఆగింది, మళ్లీ 2005లో వచ్చింది. డాక్టర్ అనే అతను నీలం రంగు పెట్టె లాంటి యంత్రంలో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. మీ పాప చెప్పిన కథ 2005 మే 14న వచ్చిన ‘ఫాదర్స్ డే’. రోజ్ అనే అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడే, 1987లో, తండ్రి పీట్‌ని కారు గుద్దేసి పోయింది. గుద్దినవాడు ఆగలేదు. తండ్రి దిక్కులేకుండా రోడ్డు మీద ఒంటరిగా పోయాడని తల్లి చెబుతుంటే వింటూ పెరిగింది. ఆ చివరి ఘడియలో ఆయన పక్కన ఉంటానని డాక్టర్‌ని అడిగి ఆ రోజుకు వెళ్తుంది. తీరా వెళ్లాక కాళ్లు కదలవు. ఇంకొక్కసారి అని బతిమాలి మళ్లీ వెళ్తుంది, ఈసారి పరుగెత్తి ఆయన్ని లాగేస్తుంది.

మీ పాప చెప్పింది ఇక్కడిదాకానే. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. చావాల్సినవాడు బతికేసరికి లోకం గతి తప్పుతుంది, రెక్కల భూతాలు వచ్చి మనుషుల్ని మింగేస్తుంటాయి, మిగిలినవాళ్లు చర్చిలో దాక్కుంటారు. విషయం పీట్‌కి తనంతట తనకే అర్థమవుతుంది. కూతుర్ని కావలించుకుని, బయటికి పరుగెత్తి ఆ కారుకే ఎదురువెళ్తాడు. ఆయన చావు తప్పలేదు. అయితే ఈసారి రోజ్ వెళ్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటుంది. తర్వాత తల్లి చిన్నారి రోజ్‌కి చెప్పే కథ కూడా మారిపోతుంది: కారు నడిపిన కుర్రాడు ఆగాడు, ఎవరో తెలియని ఒక అమ్మాయి మీ నాన్న పోయేదాకా పక్కనే కూర్చుంది అని.

ఇప్పుడు మీ ఉత్తరం మీరే మళ్లీ ఒకసారి చదవండి. ఆటో అబ్బాయి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడని రాశారు. ఆ మాట మీ అబ్బాయికి చెప్పారా? ఆ రాత్రి సంగతే ఎత్తలేదన్నారు కాబట్టి చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. వాడి లెక్కలో ఇవాళ్టికీ వాళ్ల నాన్న ఆ రోడ్డు మీద ఒంటరిగానే ఉన్నారు, చివరగా చేసిన ఫోన్ కూడా ఎవరూ ఎత్తలేదు. మీ దగ్గరున్న ఈ ఒక్క సమాచారం కోసమే వాడు రోజూ రాత్రి ఆ కథలో వెతుక్కుంటున్నాడని నాకు గట్టిగా అనిపిస్తోంది.

చెప్పండమ్మా. వాడు అది పెట్టుకున్నప్పుడు వెళ్లి పక్కన కూర్చోండి. “నాకు ఇంగ్లిష్ రాదు గదా, కథేందో చెప్పు అబ్బయ్యా” అని అడగండి. ముప్పావుగంట కథ. కొడుకు తెలుగులో చెబుతుంటే మీరు వినండి, ఎక్కడ గొంతు ఆగిందో చూడండి. మధ్యలో అందుకుని “చూశావా, ఆ పిల్ల కూడా సర్దుకుంది” అని మాత్రం అనొద్దు. కథ అయిపోయాక ఆటో అబ్బాయి సంగతి చెప్పండి, మీకు తెలిసినదంతా. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి, మీకు ఏడుపొచ్చినా ఆపుకోవద్దు. ఎనిమిది నెలలుగా ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని ఉన్నారు. పాపని కూడా కూర్చోబెట్టుకోండి, ఆమెకూ నాన్నే గదా.

ఫోన్ సంగతి వాడంతట వాడే తెస్తాడు. మీ ఆయన రోజూ ఆ వేళకే ఫోన్ చేసేవారైతే ఆ మాట మీ నోటితోనే చెప్పాలి: “అన్నం తిన్నావా అని అడగడానికి చేసిందిరా, ఎప్పట్లాగే.” “నీ తప్పేం లేదు” అని చుట్టాలు పదిమంది అనే ఉంటారు. అది వాడికి ఎక్కదు. తల్లి చెప్పే ఇలాంటి చిన్న నిజం ఎక్కుతుంది.

వీలైతే సంవత్సరీకం లోపల స్టేషన్లో అడిగి ఆ ఆటో అబ్బాయి ఎవరో కనుక్కోండి. అతనికి ఇష్టమైతే మీ అబ్బాయి వెళ్లి కలుస్తాడు. వాడు అడగాలనుకునేవి చాలా ఉంటాయి, వాటికి జవాబు చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే.

పెళ్లి మాట ఇప్పుడు వద్దు. దుఃఖంలో ఉన్న కుర్రాడికి మందుగా ఇంకొకరి ఆడపిల్లని తేవడం ఆ పిల్లకి అన్యాయం. మీ అన్నగారికి ఈ మాట నేనన్నానని చెప్పండి.

ఆయనకి చెప్పదగ్గ పని వేరే ఉంది. గుద్దిన బండి ఆచూకీ దొరకని కేసుల్లో, 2022 ఏప్రిల్ 1 నుంచి జరిగిన ప్రమాదాలకు, పోయినవాళ్ల కుటుంబానికి కేంద్ర పథకం కింద 2 లక్షల రూపాయల పరిహారం ఉంది. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు పట్టుకుని కావలి ఆర్డీవో ఆఫీసులో అడగమనండి. ఆలస్యం చెయ్యొద్దు.

మీ అబ్బాయి పనికి కూర్చుంటున్నాడు, ఇంట్లో తిరుగుతున్నాడు. అందుకని ఇప్పుడే భయపడను. మనిషి పోయిన ఎనిమిది నెలలకి ఇంత దుఃఖం ఉండటం వింతేమీ కాదు. కానీ తిండీ నిద్రా మానేసినా, ఉద్యోగం వదిలేస్తానన్నా, “నేనూ నాన్న దగ్గరికి పోతా” లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, సంవత్సరీకం దాకా ఆగొద్దు. ప్రభుత్వం నడిపే మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. లేదా నెల్లూరు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. మీకు నిద్ర పట్టకపోయినా ఆ నంబరు పనికొస్తుంది. ఉత్తరమంతా కొడుకు గురించే రాశారు, మీరెలా ఉన్నారో ఒక్క ముక్క లేదు. ఈసారి అది కూడా రాయండి.