పదకోశం మొదలుపెట్టిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

జానపద పరిశోధకులందరూ ఆన్‌లైన్‌లో కలిసి వాడుకునే పదకోశం కోసం నువ్వు పంపిన జాబితా చదివాను. పండుగలు, వాద్యాలు, పనిముట్లు అంటూ శాలలు ముందే వేసేశావు. ఇక పదాలను తోలుకొచ్చి కట్టెయ్యడమే తరువాయి! నాకు ఆ వరస నచ్చలేదు.

విజయనగరం సిరిమానోత్సవాన్నే చూడు. ‘పండుగలు’ కింద ఒక్క మాట రాసి వదిలేశావు. పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను, దాని ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. ఆ వల నీ పట్టికలో ఎక్కడికి పోతుంది? చేపల వేట పనిముట్లలోకి. ఆ రోజు దానితో చేపలు పట్టేదెవరయ్యా? దాని చోటు ఉత్సవం కిందే. పనిముట్లతో ఒక లంకె ఉంటే చాలు. ఆపైన వివరణ రాయాలి: ఎవరు తెస్తారు, ఎలా నడిపిస్తారు, ఎందుకో వాళ్ళు ఏమని చెబుతారు. ఆ రెండు మూడు వాక్యాలే అసలు పని. కథలు రాసేవాడివి, నీ అవసరం అక్కడే ఉంది.

వాద్యాల దగ్గర మరీ తొందరపడ్డావు. మన శ్రీకాకుళం వైపు పాడే జముకుల కథలోని జముకూ, తెలంగాణ జమిడికా ఒకటేనని తేల్చేశావు. రెండూ తోలు బిగించి తీగ మీటే వాద్యాలే, కాదనను. కానీ పక్కపక్కన పెట్టి చూడకుండా పర్యాయపదాలు చేస్తే తరువాత విడదీయడం కష్టం. ‘సంబంధిత పదం’ అని ముడివేసి ఊరుకో. జమిడిక కోసం వెతికినవారికి మన జముకుల కథ కూడా కనిపిస్తుంది.

అమెరికన్ ఫోక్‌లోర్ సొసైటీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని జానపద జీవన కేంద్రంతో కలిసి ఇంగ్లీషులో ఎత్నోగ్రాఫిక్ థెసారస్ అనే జానపద పదకోశం తయారుచేసింది. పదాల మధ్య ముడులు వేసే పద్ధతి అక్కడ నేర్చుకో; శాలలు మాత్రం దిగుమతి చేసుకోకు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నిఘంటువు కూర్చింది సవర గిరిజనుల నోటి మాట నేర్చుకున్నాకే.

చిన్నదే గానీ చిరాకు పెట్టేది ఇంకొకటి. మన జానపద కళ పేరు ‘తప్పెటగుళ్ళు’ అని రాసినా, ‘తప్పెటగుళ్లు’ అని రాసినా మన కంటికి ఒకటే, కంప్యూటర్‌కు వేరు. రెండూ ఎక్కించి ఒకదాన్ని ప్రధాన రూపంగా ఉంచు. ఏది ఒప్పు అన్న తగవు పండితులకు వదిలెయ్, వాళ్ళకూ కాలక్షేపం కావాలి.

దసరా తరువాత వచ్చే మంగళవారం సిరిమాను. నాలుగు రోజులు ముందే వచ్చి వల తెచ్చేవారితో, మాను చెక్కేవారితో మాట్లాడు. ప్రతి మాట పక్కన ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో విన్నావో రాయి. చెప్పినవారి పేరు వారు ఒప్పుకుంటేనే వెయ్యి. ముందు పాలధార నుంచి వల దాకా ఆ నాలుగింటికీ వివరణలు రాసి పంపు. మిగతా జాబితా తరువాత చూద్దాం.