ఆ బడిలో చేర్చింది చదువు కోసమా, శిక్ష కోసమా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని కూర్మన్నపాలెం. మా అమ్మాయి ఏడో తరగతి వరకు ఇంటి దగ్గరి బడిలో అబ్బాయిలతో కలిసే చదివింది. వేసవిలో తోటి అబ్బాయితో ఫోన్‌లో చాటింగ్ చేస్తోందని తెలిసి మా వారు, అత్తగారు పట్టుబట్టి సిరిపురం వైపున్న ఒక ప్రైవేటు బాలికల పాఠశాలలో ఎనిమిదో తరగతిలో చేర్చారు. ఆ మెసేజీల్లో తప్పుగా ఏమీ లేదు. ఉదయం ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం అయిదున్నరకు ఇల్లు చేరుతుంది. జూన్ నుంచి మాటలు తగ్గించింది. దసరా సెలవులు అయినప్పటి నుంచి ప్రతి ఆదివారం రాత్రీ కడుపునొప్పి అంటోంది. క్యారేజీలో సగం అన్నం మిగులుస్తోంది, నీళ్ల సీసా నిండుగానే తెస్తోంది. ఏడాది ఫీజు మొత్తం కట్టేశామని, మానిపించే ప్రసక్తే లేదని మా వారు అంటున్నారు. పాత బడికి పంపేయమంటారా?

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన నీళ్ల సీసా సంగతి ముందు చూద్దాం. గాజువాక, ఎన్‌ఏడీ మీదుగా రోజూ రానూపోనూ సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణించే పిల్ల పొద్దంతా నీళ్లు ముట్టడం లేదంటే, బాత్రూముకు వెళ్లవలసి వస్తుందన్న జంకే కారణం కావచ్చు. ఆడపిల్లల బడి కాబట్టి అక్కడ ఆ ఇబ్బంది ఉండదని పెద్దలు అనుకుంటారు గానీ, విరామంలో అందరూ ఒక్కసారే ఎగబడటం, తలుపు గడియ సరిగా పడకపోవడం, క్లాసు మధ్యలో అడిగితే టీచరు విసుక్కోవడం ఎక్కడైనా ఉండేవే. నెలసరి రోజుల్లో అది మరీ కష్టం. నీళ్లు చాలకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట వచ్చి కడుపునొప్పికి దారితీయవచ్చు కాబట్టి పిల్లల డాక్టరుకు చూపించి, ఆయన చెబితే మూత్రపరీక్ష కూడా చేయించండి. ఆదివారం రాత్రే వస్తోంది కనుక బడి ఎగ్గొట్టడానికి వేసే నాటకమని ఇంట్లో ఎవరైనా అంటే మాత్రం ఊరుకోకండి. బెంగతో వచ్చే నొప్పినైనా పిల్ల నిజంగానే అనుభవిస్తుంది.

ఇక బడి విషయం. ఆడపిల్లల బడిలో చేర్చడం తప్పని నేను అనను. మీ అమ్మాయిని చేర్చిన తీరులోనే చిక్కుంది. స్నేహితులను, తెలిసిన వీధిని, నడిచి వెళ్లే బడిని ఒకే వేసవిలో పోగొట్టుకున్న పిల్లకు, రోజూ ఆ గేటులో అడుగుపెట్టేటప్పుడు తాను శిక్ష అనుభవిస్తున్నాననే తోస్తుంది; చేసిన నేరమేమిటో ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. మెసేజీల్లో తప్పేమీ లేదని మీరు నాకు రాశారు. ఆ మాట అమ్మాయితో ఎప్పుడైనా అన్నారా?

అనకపోతే ఇప్పుడైనా అనాలి, వీలైతే మీ వారే అనాలి. ‘భయపడి తొందరపడ్డాను, నువ్వు తప్పు చేశావని కాదు’ అని తండ్రి నోట వినడం ఆ వయసు పిల్లకు ఎంత అవసరమో చెప్పలేను. మీ అత్తగారి చేత కూడా అదే ఒప్పించాలని ఇప్పుడు పట్టుదలకు పోకండి; ఆవిడ తన కాలపు భయంతో మాట్లాడారు, ఆ వాదన పెడితే ఇంట్లో రగడే మిగులుతుంది.

అబ్బాయిల నుంచి విడిగా చదివితే ఆడపిల్లలకు చదువు మీద ధ్యాస పెరుగుతుందని మీ వారి నమ్మకం కావచ్చు. 2014లో వెలువడిన ఒక విశ్లేషణలో 21 దేశాలకు చెందిన 16 లక్షల మంది విద్యార్థులపై జరిగిన 184 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో పకడ్బందీగా చేసినవాటిని మాత్రమే తీసుకుంటే, విడిగా చదివినవారికీ కలిసి చదివినవారికీ మధ్య తేడా నామమాత్రంగానే తేలింది. కాబట్టి ఈ బడి ఉంటేనే పిల్ల బాగుపడుతుందన్న పట్టుదలకు గానీ, ఇక్కడ ఉంటే పాడైపోతుందన్న మీ దిగులుకు గానీ ఆధారం లేదు.

ఎనిమిదిలో కొత్తగా వచ్చిన పిల్లకు మరో కష్టం ఉంటుంది. మిగిలినవారు ఎల్‌కేజీ నుంచి జట్లు కట్టుకుని ఉంటారు, మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలో ఈమెకు తెలియదు. అన్నం మిగలడానికి అదీ ఒక కారణం కావచ్చు. మీరు ఒకరోజు వెళ్లి క్లాస్ టీచరును కలిసి, భోజనం వేళ ఎవరితో కూర్చుంటోందో గమనించమని, క్లాసు మధ్యలో బాత్రూముకు అడిగితే పంపమని కోరండి. పాత చాటింగ్ సంగతి అక్కడ ఎత్తవద్దు. హాస్టల్లో వేయకుండా డే స్కూల్లో చేర్చడం ఒకందుకు మేలే అయింది. సాయంత్రాలు, ఆదివారాలు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. పాత స్నేహితురాళ్లను ఆదివారం మీ ఇంటికి రానివ్వండి, లేదా ఉక్కునగరంలో ఏ పార్కులోనో కలవనివ్వండి.

ఇంత చేసినా తిండి ఇంకా తగ్గినా, నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనే మాట ఒక్కసారి వినిపించినా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెబితే మన ఊరివాళ్లు ఇంకా జంకుతారు, మీరు జంకకండి.

పాత బడికి పంపాలా అని అడిగారు. సంవత్సరం మధ్యలో మార్చవద్దు, సంక్రాంతి సెలవుల వరకు చూడండి. మార్చదలిస్తే తొమ్మిదో తరగతి మొదట్లోనే మార్చాలి, అప్పుడే పదో తరగతి పబ్లిక్ పరీక్షల దాకా రెండేళ్లు ఒకేచోట కుదురుగా చదువుతుంది. అప్పటికి ఈ ఏడాది కట్టిన ఫీజు ఎలాగూ చెల్లిపోయి ఉంటుంది కనుక దాన్ని అడ్డు చెప్పడానికి వీలుండదు. ఆ సెలవుల్లో మీ ముగ్గురూ కూర్చుని, ఏ బడిలో చదువుతావని అమ్మాయిని అడగండి. తప్పు చేయలేదని తేలిపోయాక, ఇక్కడే ఉంటానని తనే అన్నా ఆశ్చర్యపోకండి.