అమ్మలూ, ఆ కథ ఎవరికీ చెప్పకు, ముందు రాయి

అమ్మలూ,

నువ్వు స్క్రీన్‌ప్లే రాస్తానంటున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. ఆ మాట దగ్గరికి రావడానికి ముందు ఎండల గురించీ, నా మోకాళ్ళ గురించీ చాలాసేపు మాట్లాడాడు, దాంతో ఏదో ఉందని నాకు అర్థమైపోయింది. చివర్లో "నువ్వు చెప్తే వింటుంది" అన్నాడు. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. వద్దనమన్నాడో, ఎలా రాయాలో నేర్పమన్నాడో అన్నయ్యకే తెలిసుండదు. ఫోన్ పెట్టేశాక ఎంతకీ నిద్ర పట్టలేదు. సంతోషమే ఎక్కువ, ఒట్టు. మన ఇంట్లో నా తర్వాత కలం పట్టేవాళ్ళు లేరనుకున్నాను. కానీ ఆ సంతోషంతో పాటు ఒక భయం కూడా పట్టుకుంది. దాని గురించి కాస్త ఆగి చెప్తాను, ముందే చెప్తే ఉత్తరం అక్కడే మడిచేస్తావు.

మామూలు సంగతులు ముందు అయిపోనీ. ఉద్యోగం ఇప్పుడే మానకు. రోజూ కొంచెమైనా రాయి. సినిమాలు చూడటంతో సరిపెట్టుకోక స్క్రిప్టులు సంపాదించి చదువు. అర్ధరాత్రి దాటి రాసింది పొద్దున చదివి చూడకుండా ఎవరికీ పంపకు. ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

మొన్న నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు ఇప్పుడు అర్థమయ్యాయి నాకు. ఫైనల్ డ్రాఫ్ట్, స్క్రివెనర్, సెల్టెక్స్, రైటర్‌డ్యుయెట్, ఏది బాగుంటుందత్తా అని అడిగితే ఏదో ఆఫీసు పని అనుకున్నాను, అవన్నీ స్క్రిప్టులు రాసుకునే సాఫ్ట్‌వేర్లన్నమాట. ఒకదాంట్లో నల్ల తెర, ఒకదాంట్లో రంగురంగుల కార్డులు. నిన్ను తిట్టే మొహం నాకు లేదులే, పెన్నుల షాపులోకి వెళ్తే నన్ను బయటికి లాక్కురావాలని మీ మామయ్య ఇప్పటికీ అంటాడు. రాసేవాళ్ళకి రాసే సామాను మీద మోజు ఉంటుంది, అది తప్పేం కాదు. కాకపోతే ఆ మోజులో ఉన్నప్పుడు పని జరుగుతున్నట్టే అనిపిస్తుంది, అదీ దాంతో వచ్చిన చిక్కు. ఫాంట్ మార్చాం, కార్డులకి రంగులు పెట్టాం, పాత్రల పేర్లతో పట్టిక చేశాం, చూస్తే సాయంత్రమైంది, సీన్ మాత్రం ఒక్కటీ లేదు.

డబ్బు పెట్టి ఏదీ కొనకు ఇప్పుడే. ఫౌంటెన్ అని ఒక పద్ధతి ఉంది, 2012లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ కూడా కాదది, మామూలు టెక్స్ట్ ఫైల్లో కొన్ని గుర్తులు పెట్టి రాయడం, అంతే. తర్వాత దాన్ని చదవగలిగే ఏ యాప్‌లో తెరిచినా స్క్రీన్‌ప్లే రూపంలోకి వచ్చేస్తుంది. ఇంగ్లీషులో అయితే పాత్ర పేరు పెద్ద అక్షరాల్లో ఉందా లేదా చూసి అది పోల్చుకుంటుంది. మనకి పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ లేవు కదా, అందుకని పేరు ముందు @ గుర్తు పెట్టాలి. సీన్ హెడింగ్, అంటే సీన్ ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో చెప్పే లైను, దాని ముందు ఒక చుక్క. ఇలా:

.లోపల - ఆసుపత్రి వరండా - రాత్రి

@సుజాత
మన నంబరు వచ్చిందా?

ఇంతే, ఫోన్‌లో నోట్స్‌లో కూడా రాసుకోవచ్చు. నీకు నువ్వే గుర్తు చేసుకోవాల్సిన మాటలు రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పెడితే అవి నోట్స్ అని దానికి తెలుస్తుంది, కావాలంటే ప్రింట్‌లో రాకుండా చేసుకోవచ్చు. మొదటి డ్రాఫ్ట్ అయ్యాక నీకిష్టమైంది కొనుక్కో, నేనే కొనిపెడతాను కావాలంటే.

ఇంకోటి. పేజీకి ఒక నిమిషం అనే లెక్క నువ్వు ఎక్కడో చదివే ఉంటావు. అది ఇంగ్లీషు స్క్రిప్టుల లెక్క. కొరియర్ ఫాంటు, 12 పాయింట్లు, ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, మార్జిన్లు కూడా ఇంతే ఉండాలని కట్టు. ఆ ఫాంటు 1950ల్లో ఐబీఎం టైప్‌రైటర్ల కోసం చేసింది, అందుకే ఆ కొలత కుదిరింది, అదీ సుమారుగానే. మన అక్షరాలకి కింద ఒత్తులు, పైన గుడులు, ఒక్కో అక్షరం ఒక్కో వెడల్పు. తెలుగు స్క్రిప్టుని పేజీలు లెక్కబెట్టి సినిమా ఎంతసేపో చెప్తే తప్పుతావు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని డైలాగులు పైకి చదువు, మధ్యలో వాళ్ళు నడిచేంతసేపు నువ్వూ నడువు. నవ్వొస్తుంది చూసేవాళ్ళకి, తలుపేసుకో.

టైపు చేసేది మాత్రం యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలో. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది, కానీ నేను సీరియళ్ళకి డైలాగులు రాసే రోజుల్లో చుట్టుపక్కల అందరూ వేరే ఫాంట్లలో కొట్టేవాళ్ళు. తెర మీద తెలుగులా కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. నా పాత ఎపిసోడ్లు కొన్ని ఇప్పటికీ అలాగే పడున్నాయి. మార్చిపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయని మీ బావ అంటాడు, ఆదివారం వస్తానంటాడు, రాడు.

సరే, ఇక అసలు సంగతి.

మీ నాన్న ఒకప్పుడు సినిమా కథ రాయాలనుకున్నాడని నీకు తెలుసా? తెలిసుండదు. వదినకి తెలుసు, కానీ ఆ మాట ఎత్తదు. నేను ఇప్పుడు చెప్తున్నది అన్నయ్యని తక్కువ చేయడానికి కాదు, చదివాక ఆయనతో దెబ్బలాటకి వెళ్ళకు.

అన్నయ్య కథ చెప్పేటప్పుడు నువ్వు చూడాలి. చూశావులే, నీ చిన్నప్పుడు నిన్ను నిద్రపుచ్చడానికి చెప్పిన రాక్షసుల కథలకి నువ్వు నిద్రపోవడం మానేసి లేచి కూర్చునేదానివి. అప్పట్లో ఆయన దగ్గర ఒక కథ ఉండేది. ఇద్దరు అన్నదమ్ములు, ఒక తాళం వేసిన గది. నిజంగా మంచి కథ, ఇన్నాళ్ళు ఈ పనిలో ఉన్నాక కూడా అదే మాట అంటాను. దాన్ని స్నేహితులకి చెప్పాడు, రైల్లో ఎదురు సీటు ఆయనకి చెప్పాడు, పెళ్ళిళ్ళలో చెప్పాడు. వినేవాడు నవ్విన చోట సాగదీసేవాడు, చూపు పక్కకి తిప్పితే ఆ ముక్క ఎగరగొట్టేవాడు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడని అప్పటికప్పుడు కథలోకి ఒక చెల్లెలు వచ్చింది. వారం తర్వాత ఇంకెవరో చెల్లెలు ఎందుకండీ అంటే ఆ పిల్ల మాయమైపోయింది. చెప్పిన ప్రతిసారీ కథ బాగుండేది, అన్నయ్య వెలిగిపోతూ ఇంటికొచ్చేవాడు. ఆ రాత్రి కాగితం ముందు ఎందుకు కూర్చుంటాడు చెప్పు? రాసినవాడికి ఎప్పుడో చివర్లో దక్కాల్సిన మెచ్చుకోలు అప్పటికే దొరికేసింది కదా.

తర్వాత ఒక నిర్మాత విన్నాడు. బాగా నచ్చింది. "బౌండ్ స్క్రిప్ట్ ఇవ్వండి, కూర్చుందాం" అన్నాడు, అంటే సీన్లూ డైలాగులతో సహా పూర్తిగా రాసింది. నా దస్తూరీ బాగుంటుందని అన్నయ్య నన్ను కూర్చోబెట్టుకున్నాడు, ఆయన చెప్తాడు, నేను రాస్తాను. మొదటి సీన్‌లోనే "అక్కడ పెద్దవాడు తమ్ముణ్ణి ఒక చూపు చూస్తాడు" అన్నాడు.

"ఎలాంటి చూపు అన్నయ్యా?" అన్నాను.

చూసి చూపించాడు. నిజంగానే గుండె ఝల్లుమంది నాకు. "అదీ, రాయి" అన్నాడు.

"ఏమని రాయను?"

కాసేపు ఆలోచించి, మళ్ళీ అదే చూపు చూశాడు.

నవ్వులాటగా ఉంది కదా. అప్పుడు మేమూ నవ్వుకున్నాం. కానీ ప్రతి సీన్‌లోనూ అదే జరిగింది. ఆయన కథలో సగం ఆయన కనుబొమ్మల్లో ఉండేది, మిగతా సగం గొంతు తగ్గించడంలో. తాళం వేసిన గది దగ్గర ఆయన చేసే మౌనం కాగితం మీద మూడు చుక్కలైపోయింది. పైగా ఏ కథ రాయాలి? చెల్లెలు ఉన్నదా, లేనిదా? తాళం చెవి తల్లి దగ్గర ఉన్నదా, తమ్ముడి దగ్గర ఉన్నదా? నోటితో చెప్పేటప్పుడు అన్నీ సాగిపోయాయి, రాసేటప్పుడు ఒకటి ఎంచుకుంటే మిగతావి పోతాయి. అన్నయ్య ఏదీ పోగొట్టుకోలేకపోయాడు. ఎలాగో పూర్తి చేసి ఇస్తే ఆ నిర్మాత చదివి, పాపం మర్యాదగానే, "మీరు చెప్పినప్పుడు ఉన్నది ఇందులో కనపడటం లేదండీ" అన్నాడు.

ఆ కాగితాలు ఇంటికి తెచ్చి ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు. కొన్నాళ్ళకి ఏదో సినిమాలో తాళం వేసిన గది సీన్ ఒకటి చూసి, నా కథ కొట్టేశారని చాలా రోజులు కుమిలిపోయాడు. కొట్టేశారో, ఇంకెవరికో విడిగా తట్టిందో దేవుడికి తెలియాలి. ఒకటి మాత్రం చెప్తాను, కాపీరైట్ అనేది ఏ దేశంలో చూసినా ఐడియాకి ఉండదు, దాన్ని నువ్వు రాసిన తీరుకే ఉంటుంది. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ఒకటుంది, అందులో ఉన్న దేశాలన్నిట్లోనూ రాసిన దానికి హక్కు దానంతటదే వస్తుంది, రిజిస్ట్రేషన్ చేయించుకోవడం తర్వాత సాక్ష్యానికి పనికొస్తుంది. రైల్లో ఎదురు సీటు ఆయనకి చెప్పినదానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఇప్పుడు నా భయం అర్థమైందా? నువ్వు అచ్చం మీ నాన్నవే. పోయిన సంక్రాంతికి ఆ లిఫ్ట్‌లో ఇరుక్కున్న ముసలాయన సంగతి చెప్పావు చూడు, గదిలో ఒక్కళ్ళు ఫోన్ ముట్టుకోలేదు. నేను నవ్వుతూనే ఉన్నాను కానీ నాకు అన్నయ్య కనుబొమ్మలే కనిపించాయి. మీ నాన్నకీ అవే కనిపించి ఉంటాయి, అందుకే ఫోన్‌లో అన్ని డొంకతిరుగుళ్ళు. నువ్వు ఇప్పటికే ఎంతమందికి చెప్పావే ఆ కథ? నిజం చెప్పు. ఆపెయ్. మొదటి డ్రాఫ్ట్ అయ్యేదాకా ఎవరైనా అడిగితే రాస్తున్నానని చెప్పి ఊరుకో. పొగరనుకుంటే అనుకోనీ.

ఇక ఆ చూపు సంగతి, ఎలా రాయాలని. నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, సీరియళ్ళు రాస్తూ రాస్తూ. చూపు రాయకూడదు, ఆ చూపు చూసేలా చేసిన పనిని రాయాలి. "సుజాతకి భర్త మీద నమ్మకం పోయింది" అని రాస్తే కెమెరా ఏం తీస్తుంది? నమ్మకం పోవడం కనపడదు, వినపడదు. అదే, భర్త ఫోన్ మోగితే తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు, సుజాత రిమోట్ అందుకుని టీవీ సౌండ్ తగ్గించింది. అంతే రాయి. ఆమె మొహం ఎలా పెట్టాలో నటికి ఒదిలెయ్, వాళ్ళకి ఆ మాత్రం తెలుసు, పైగా "బాధ, అనుమానం, కోపం కలగలిసిన చూపు" అని రాస్తే సెట్‌లో అందరూ నవ్వుకుంటారు కూడా. నేను విన్నాను ఆ నవ్వు, అది నా సీన్ కాదులే.

ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఉంది కదా, నేను చెప్తాను అది రాసుకుంటుంది అనుకుంటున్నావేమో. డైలాగులకి వాడుకో, బాగుంటుంది, నోటికి తిరగని మాట అక్కడే దొరికిపోతుంది. యాక్షన్ లైన్లకి, అంటే పాత్రలు ఏం చేస్తున్నాయో చెప్పే వాక్యాలకి మాత్రం వద్దు. అది నీ మాటలు తీసుకుంటుంది, నువ్వు చేతులు తిప్పింది తీసుకోదు, నువ్వేమో తిప్పేశాను కాబట్టి రాసేశాననుకుంటావు.

చెల్లెలు ఉందా లేదా లాంటి చోట ఇరుక్కుంటే ఒక దారి ఎంచుకుని చివరిదాకా వెళ్ళు, తప్పైనా సరే. రెండో దారి పేరు నోట్స్‌లో పెట్టుకో, పోదు. డ్రాఫ్ట్ పూర్తయిన రోజు ఫైలు పేరులో తేదీ వేసి దాచి, తర్వాత మార్పులు కొత్త ఫైల్లో చెయ్యి.

పూర్తయ్యాక నీ కథ బాగా చదవడం రానివాళ్ళ చేత పైకి చదివించు. నువ్వు చదవకు, నువ్వు చదివితే ఏదైనా బాగుంటుంది. ఓ మూల కూర్చుని వాళ్ళు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ వెనక్కెళ్ళి మళ్ళీ చదివారో పెన్సిల్‌తో గీత పెట్టుకో, మధ్యలో "అంటే అక్కడ ఏంటంటే" అని అందుకోకు. అది ఆపుకోవడం నీకు చాలా కష్టం, నాకు తెలుసు, నీళ్ళ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకో.

మీ నాన్నకి చూపించాలా అంటే, చూపించు. నాకంటే ముందే చూపించు. కాకపోతే నోటితో చెప్పకుండా కాగితాలు చేతికిచ్చి, ఆయన చదువుతున్నంతసేపూ నువ్వు పక్క గదిలో ఉండు. ఏమీ అనకపోయినా బెంగ పెట్టుకోకు, ఆయనకి టైం పడుతుంది.

తర్వాత నాకు పంపు. పీడీఎఫ్ ఫోన్‌లో పెట్టకు, కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చిన్న తెర మీద ఒత్తులు కలిసిపోతున్నాయి నాకు. ప్రింట్ తీయించు, కాస్త పెద్ద అక్షరాలు, ఒకవైపే, ఎడమ పక్కన నేను రాసుకోవడానికి బాగా జాగా వదులు. పేజీ నంబర్లు మర్చిపోకు.

మీ
అత్త