రైలీ పద్యాలకు ఏ తెలుగు?

సందేహం: అమెరికా కవి జేమ్స్ విట్‌కమ్ రైలీ పిల్లల కోసం పల్లె యాసలో రాసిన పద్యాలను తెలుగు చేస్తున్నాను. మాది కరీంనగర్. మా యాసలో పెడితే ఇండియానా రైతు తెలంగాణ రైతైపోతాడని మిత్రులు అంటున్నారు. ప్రామాణిక భాషే వాడాలా?

సమాధానం: మీ యాసలోనే పెట్టండి. రైలీ చెప్పిన సంగతులు మామూలువే: చిన్నప్పుడు ఈదిన మడుగు, మంచు పట్టిన గుమ్మడికాయలు. వాటికి ప్రాణం పోసింది గొంతు. అది తీసేస్తే మిగిలేది తక్కువ.

ఆ గొంతు కూడా ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. 1849లో ఇండియానాలోని గ్రీన్‌ఫీల్డ్‌లో ఒక వకీలు ఇంట పుట్టాడు. చదువు అబ్బలేదు. సైన్‌బోర్డులు రాశాడు, మందులమ్మే బండి వెంట ఊళ్లు తిరిగాడు. ఊరూరి మాటా చెవిన పడింది ఆ తిరుగుళ్లలోనే. 1882లో ఇండియానాపొలిస్ జర్నల్ పత్రికలో, బూన్ ప్రాంతపు రైతు బెంజమిన్ జాన్సన్ రాసినట్టుగా పద్యాలు అచ్చువేయించాడు. మరుసటేడు అవే పుస్తకమయ్యాయి. తర్వాత హాస్యరచయిత బిల్ నైతో కలిసి ఊరూరా వేదికలెక్కి చదివాడు. ఆయన యాస చెవితో పట్టింది, చెవికి అందించింది. 1916లో పోయినప్పుడు ఇండియానా శాసనసభ భవనమైన స్టేట్‌హౌస్‌లో కడసారి చూపుకు వేలమంది బారులు తీరారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన దారి పట్టకండి. అందరూ ఒకేలా 'వజ్' అని పలికే ఇంగ్లిష్ was లాంటి మాటకు కూడా ఆయన wuz అని స్పెల్లింగు మార్చాడు. దానివల్ల మాట్లాడేవాడు చదువురానివాడిగా కనిపిస్తాడే గాని యాస వినిపించదు. పలికినట్టే రాసుకునే మన లిపికి ఆ అవసరమే లేదు. మన యాస క్రియల చివర తెలుస్తుంది: వచ్చిండు, వచ్చినాడు, వచ్చాడు.

1885 నాటి అనాథ అన్నీ పద్యమే చూడండి. పనిపిల్ల పొయ్యి దగ్గర పిల్లలను కూచోబెట్టుకొని భయపెట్టే కథలు చెబుతుంది. 'పైలంగా లేకపోతే బూచివాడు ఎత్తుకుపోతాడు' అంటే అది అతుకుల బొంత. ఒక్క 'పైలం' (జాగ్రత్త) తప్ప తక్కినదంతా పత్రికల భాష. 'పైలంగ లేకుంటె బూచోడు ఎత్కపోతడు' అనండి, ఆ పిల్ల మాట్లాడుతుంది. మొదలుపెట్టిన యాసను చివరిదాకా విడవకండి.

మీ మిత్రుల భయానికి విరుగుడు వేరే ఉంది. ఊళ్లు, పేర్లు, పంటలు అక్కడివే ఉంచండి. టర్కీ కోడిపుంజు టర్కీ కోడిపుంజుగానే అరవాలి, మొక్కజొన్న చొప్ప ఇండియానా చేలోనే ఉండాలి. మన జాతరలు, దేవతల పేర్లు మాత్రం అందులోకి తేవద్దు.