సబ్రూమ్ వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి జాహ్నవికి, మామయ్య ఆశీస్సులు.

సరిహద్దు రవాణా పనిలో చేరావని, త్రిపుర కొసన సబ్రూమ్‌లో మకామని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమూ వేసింది, బెంగా పట్టుకుంది.

సర్వే, ట్రాఫిక్ లెక్కలు, భూసేకరణ నీకు తెలిసినవే. నా గోలంతా వంతెన గురించి.

ఫెనీ నది మీద మైత్రీ సేతు చూస్తావుగా. 1.9 కి.మీ. పొడవు, రూ.133 కోట్ల ఖర్చు. దాటితే బంగ్లాదేశ్‌లోని రామ్‌గఢ్, అక్కణ్ణుంచి చిట్టగాంగ్ రేవు సుమారు 80 కి.మీ. 2021 మార్చి 9న రిబ్బను కత్తిరించారు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా సరుకు లారీ దాని మీద నడవలేదు. తప్పు వంతెనది కాదు. వంతెన మన డబ్బుతో, మన ఏజెన్సీ చేతుల్లో లేచింది. అవతలి ల్యాండ్ పోర్టు, అంటే సరిహద్దులో సరుకు తనిఖీ చేసి వదిలే కేంద్రం, ఇంకో దేశానిది, ఇంకో బడ్జెట్టుది. ఇది సిద్ధమైనా అది కాలేదు. అందుకే వంతెన పూర్తయ్యే రోజు నుంచి షెడ్యూలు వేయకు. వెనకబడ్డ పక్షం వైపు కస్టమ్స్ షెడ్డు, లారీ కాటా, క్వారంటైన్ గది, యార్డు ఎప్పటికి తయారవుతాయో అడిగి, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టు. ఆ తేదీని ఒప్పందంలోనే రాయించు. ఫొటోల తొందరకి లొంగావో, చెవి మెలేస్తాను!

సరిహద్దు రేఖకి 150 గజాల లోపు రక్షణ నిర్మాణాలు కూడదన్నది రెండు దేశాల మధ్య 1975 నాటి మార్గదర్శకం. కానీ మామూలు షెడ్డుకీ అభ్యంతరాలు వస్తుంటాయి. ఉత్తరాలు అటూ ఇటూ తిరిగేసరికి వానలు దిగుతాయి, ఆ ఏటి పని పోయినట్టే. లేఅవుట్‌కి ముందే మ్యాపు మీద ఆ గీత ఎర్రగా గీసుకో.

ఇంకోటి. బంగ్లాదేశ్ వాళ్లకి శుక్ర, శనివారాలు సెలవు, మన ఆఫీసులకి శని, ఆదివారాలు. రెండు వైపులా సంతకం పెట్టేవాళ్లు కుర్చీల్లో ఉండేది సోమవారం నుంచి గురువారం దాకానే. గేటు రోజంతా తెరిచి ఏం లాభం? రోజువారీ లారీల సంఖ్యని ఏడుతో గుణించకు. గురువారం సాయంత్రం ఆగిన ఉల్లిపాయల లారీకి సోమవారం పొద్దున టార్పాలిన్ విప్పితే అడుగు బస్తాలు కారుతుంటాయి.

2018లో మనవాళ్లు మూడు ఇరుసుల లారీ మొత్తం బరువుని 25 టన్నుల నుంచి 28.5కి పెంచారు. అవతలి చిన్న కల్వర్టులు ఎంత మోస్తాయో ముందే రాతలో తీసుకో.

వానాకాలం ఫెనీ ఒడ్డు కోసుకుపోతుంది తల్లీ, అంచుకి వెళ్లకు. చేరగానే ఫోన్ చెయ్యి. అక్కడ అప్పుడప్పుడు మన ఫోన్‌కి బంగ్లాదేశ్ టవర్ తగులుకుని గడియారం అరగంట ముందుకి జరుగుతుంది. రైలు టైము చూసుకునేటప్పుడు జాగ్రత్త.

ఇట్లు,
మామయ్య