మనవాళ్లే కదా అని జీతం వదులుకోవాలా?

ప్రశ్న: అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఒక తెలుగువారి కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. ప్రాజెక్టు అయిపోయి రెండు నెలలుగా బెంచ్ మీద ఉన్నాను. జీతం అడిగితే ‘మనవాళ్లం, సర్దుకో తమ్ముడూ’ అంటున్నారు. పైగా వీసా ఫీజు నన్నే కట్టమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: సర్దుకోనక్కర్లేదు. ప్రాజెక్టు వెతకడం యజమాని పని. బెంచ్ మీదున్నా ఎల్‌సీఏ (ఇంత జీతం ఇస్తామని హెచ్-1బీ కోసం యజమాని కార్మికశాఖకు ఇచ్చే హామీపత్రం) ప్రకారం జీతం ఇవ్వాల్సిందే. మీరే సొంత అవసరానికి సెలవు అడిగితే మాత్రం ఆ బాధ్యత ఉండదు. ‘సెలవు కావాలని ఒక మెయిల్ పెట్టు’ అని కొందరు యజమానులు అడిగేది అందుకే. ఎంత ఆప్యాయంగా అడిగినా ఆ మెయిల్ పెట్టకండి. హెచ్-1బీ కోసం యజమాని వేసే పిటిషన్ (దరఖాస్తు) ఫీజు, దాని లాయర్ ఖర్చు కూడా యజమానివే.

ఇలాంటివాళ్లు అన్నీ ఫోన్లోనే మాట్లాడతారు. మాట్లాడిన రోజే ‘మీరు ఇలా చెప్పారు’ అని మెయిల్ చేయండి. ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు (జీతం రసీదులు), ఎల్‌సీఏ కాపీ సొంత మెయిల్లో దాచుకోండి.

ఫిర్యాదుకు అమెరికా కార్మికశాఖ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు డబ్ల్యూహెచ్-4 ఫారం ఇవ్వాలి. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపే. ఫిర్యాదు చేశారని కక్ష సాధించడం చట్టవిరుద్ధం. అయినా ముందు వేరే ఉద్యోగం చూసుకోవడమే మేలు: ఉద్యోగం పోతే అమెరికాలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు ముందే తీరిపోతే అంతవరకే. కొత్త సంస్థ మీ కోసం వేసే పిటిషన్ దాఖలయ్యాక అక్కడ చేరిపోవచ్చు. ఇటీవలి పే స్టబ్‌లు లేకపోతే ఆ పిటిషన్‌లోనే చిక్కు వస్తుంది, కాబట్టి జాప్యం చేయకండి. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే బాండ్ మీద సంతకం పెట్టి ఉంటే రాష్ట్ర చట్టం తెలిసిన లాయర్‌కు చూపించండి.